ఖరీదైన రివాల్వర్‌కి అంత రేటెందుకు? ఆ డబ్బుకి తగ్గ విలువ ఉందా?

మన ఛానల్లో ఫోన్లు, లాప్‌టాప్‌లు, బైకులు ఇలా చాలావాటి మీద "ఇంత రేటుకి తగ్గదేనా" అని మాట్లాడుకున్నాం. ఇవాళ కొంచెం వేరే వస్తువు. రివాల్వర్.

టైటిల్ చూసి "అన్నా, నువ్వు కూడా మొదలెట్టావా" అనుకోకండి. కొనమని చెప్పే వీడియో కాదిది. మనలో 99 మందికి దాన్ని కొనే అవసరమూ లేదు, అవకాశమూ లేదు. కానీ ఈ ప్రశ్న నా దగ్గరికి నిజంగానే వచ్చింది. మా మేనత్త కొడుకు, అంటే మా బావ, డాలస్‌లో ఉంటాడు. గ్రీన్ కార్డ్ వచ్చింది. బోనస్ కూడా వచ్చింది. ఒక రాత్రి ఫోన్ చేశాడు. "ఒరేయ్, ఒక రివాల్వర్ 900 డాలర్లు, ఇంకోటి 1,500. రెండూ ఒకే తూటా పేలుస్తాయి, రెండింట్లోనూ ఆరే పడతాయి. మరి ఆ 600 తేడా దేనికి? నువ్వు ఇంజనీర్‌వి కదా, చెప్పు" అన్నాడు.

నేను చదివింది కంప్యూటర్ సైన్స్ బావా అన్నా వినలేదు. సరే అని చదవడం మొదలెట్టా. 1,500తో ఆగలేదు. 3 వేల డాలర్లవి ఉన్నాయి, 5 వేల డాలర్లవి ఉన్నాయి. మన డబ్బులో నాలుగు లక్షలు దాటి. ఆరు తూటాలు పేల్చే ఇనప ముక్కకి నాలుగు లక్షలా! ఆ డబ్బు ఎక్కడికి పోతుందో చూద్దాం. చివర్లో బావ ఏం చేశాడో కూడా చెప్తా, ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది.

ముందు, రివాల్వర్ ఎలా పనిచేస్తుంది?

పిస్టల్లో తూటాలు పిడిలో ఉన్న మ్యాగజైన్‌లో ఉంటాయి. రివాల్వర్‌లో అలా కాదు. మధ్యలో గుండ్రంగా తిరిగే సిలిండర్ ఉంటుంది, అందులో ఆరు గదులు. గదికో తూటా. ముందు ఒకటే బ్యారెల్. అంటే ఆరు గదులకి ఒకటే గుమ్మం. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా సిలిండర్ ఒక గది తిరిగి ఆగాలి, ఆ గది సరిగ్గా బ్యారెల్‌కి ఎదురుగా రావాలి, అక్కడ లాక్ అవ్వాలి, అప్పుడు హ్యామర్ పడాలి. ఇదంతా మీ వేలి బలంతోనే జరగాలి. మోటర్ లేదు, బ్యాటరీ లేదు.

ఈ పద్ధతికి శామ్యూల్ కోల్ట్ అమెరికాలో పేటెంట్ తీసుకున్నది 1836లో. అప్పట్లో హ్యామర్‌ని బొటనవేలితో వెనక్కి లాగాలి, తర్వాత ట్రిగ్గర్ నొక్కాలి. దీన్ని సింగిల్ యాక్షన్ అంటారు. తర్వాత వచ్చిన డబుల్ యాక్షన్‌లో ఒక్క ట్రిగ్గరే మొత్తం పని చేస్తుంది: సిలిండర్ తిప్పుతుంది, హ్యామర్ లేపుతుంది, వదులుతుంది. ఒకే వేలితో ఇన్ని పనులు కాబట్టి బరువుగా ఉంటుంది. మామూలు రివాల్వర్‌లో డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ నొక్కాలంటే సుమారు ఐదు కిలోల బలం కావాలి. సింగిల్ యాక్షన్‌లో అయితే రెండు కిలోల లోపే.

ఇప్పుడు ఇక్కడ రెండు కష్టాలున్నాయి.

మొదటిది, ఒత్తిడి. .357 మాగ్నమ్ అనే తూటా పేలినప్పుడు లోపల ఒత్తిడి 35,000 పీఎస్ఐ వరకు వెళ్ళొచ్చు. మీ బండి టైరులో గాలి 30, 35 పీఎస్ఐ కొట్టిస్తారు కదా, దానికి వెయ్యి రెట్లు. చేతికి అరచెయ్యి దూరంలో.

రెండోది, పొందిక. సిలిండర్ తిరగాలంటే దానికీ బ్యారెల్‌కీ మధ్య సందు ఉండాలి. ఎక్కువైతే అందులోంచి వేడి గ్యాస్ బయటికి చిమ్ముతుంది. తక్కువైతే నాలుగు రౌండ్లకే మసి పట్టి సిలిండర్ బిగుసుకుంటుంది. మంచి రివాల్వర్‌లో ఆ సందు సుమారు 0.1 నుంచి 0.15 మిల్లీమీటర్లు, అంటే ఒక జెరాక్స్ కాగితం మందం, లేదా కొంచెం ఎక్కువ. పైగా ఆరు గదులూ బ్యారెల్‌కి సూటిగా రావాలి. ఐదు వచ్చి ఒకటి జుట్టంత పక్కకి వచ్చినా ఆ తూటా బ్యారెల్ అంచుని గీసుకుంటూ వెళ్తుంది.

రేటు ఎంతైనా, ప్రతి రివాల్వర్ కంపెనీ పరిష్కరించాల్సిన లెక్క ఇదే. ఎలా పరిష్కరించారు అన్నదాని మీదే రేటు ఉంటుంది.

900 డాలర్లకి ఏం వస్తుంది?

బావ చూసిన 900 డాలర్లది రూగర్ జీపీ100. 1985లో వచ్చిన మోడల్. దీని ఫ్రేమ్‌ని ఉక్కు దిమ్మని చెక్కి తియ్యరు, పోత పోస్తారు. ముందు మైనంతో ఫ్రేమ్ ఆకారం చేస్తారు, దాని చుట్టూ సెరామిక్ పూత వేసి గట్టిపరుస్తారు, మైనాన్ని కరిగించి తీసేసి, ఆ ఖాళీలో కరిగిన ఉక్కు పోస్తారు. ఎక్కడో విన్నట్టుందా? మన పంచలోహ విగ్రహాలు పోసేది ఈ మైనం పద్ధతిలోనే. వాళ్ళు దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి తీసుకెళ్ళారు.

ఇలా పోస్తే మెషీన్ మీద చెక్కే పని బాగా తగ్గుతుంది. అందుకే రేటు తగ్గింది. పోత ఉక్కు కాబట్టి బలం సరిపోదేమో అని కొన్నిచోట్ల కొంచెం మందంగా ఉంచారు. అందుకే అది చూడ్డానికి మొద్దుగా ఉంటుంది. కానీ గట్టిది. మాగ్నమ్ తూటాల్ని ఏళ్ళ తరబడి తట్టుకుంటుందని దానికి పేరు.

ఇంకో ముఖ్యమైన విషయం. ఇందులో ట్రాన్స్‌ఫర్ బార్ అనే చిన్న ముక్క ఉంటుంది. హ్యామర్ నేరుగా పిన్నుకి తగలదు. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కినప్పుడే ఈ ముక్క పైకి లేచి ఆ దెబ్బని పిన్నుకి అందిస్తుంది. అంటే చేతిలోంచి జారి కింద పడితే పేలదు. ఇది గుర్తుపెట్టుకోండి. కింద పడితే పేలకుండా ఉండటం అనేది 5 వేల డాలర్ల లగ్జరీ కాదు, 900కే వచ్చేస్తుంది.

మరి 1,500 ఎందుకు?

1,500ది కోల్ట్ పైథాన్. వాకింగ్ డెడ్ సిరీస్ చూసినవాళ్ళకి తెలుసు, అందులో రిక్ చేతిలో ఉండేది అదే. దీని కథ వింటే రేటు ఎలా పుడుతుందో అర్థమవుతుంది.

పైథాన్ 1955లో వచ్చింది. అప్పటి రేటు 125 డాలర్లు. అప్పట్లో అది చాలా ఎక్కువ. దాని ప్రత్యేకత రెండు. ఒకటి మెరుపు: రాయల్ బ్లూ అనేవాళ్ళు, మనుషులు చేత్తో గంటల తరబడి పాలిష్ పట్టి, తర్వాత రంగు ఎక్కించేవాళ్ళు. రెండోది లోపలి పొందిక. భాగాలు ఒకదానికొకటి సరిపోయేలా పనివాళ్ళు ఆకురాయితో కొంచెం రాయడం, బిగించి చూడ్డం, విప్పడం, మళ్ళీ రాయడం. మన కంసాలి గొలుసు కొక్కెం సరిచేసినట్టు. అందుకే ట్రిగ్గర్ వెన్నలా ఉంటుందని పేరొచ్చింది. ట్రిగ్గర్ చివరిదాకా నొక్కినప్పుడు సిలిండర్ కొంచెం కూడా ఊగకుండా బిగుసుకునేది.

కానీ దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఆ బిగుతు వల్లే బాగా వాడితే లోపల ఒక చిన్న భాగం అరిగిపోయి, సిలిండర్ టైమింగ్ తప్పేది. అప్పుడు మళ్ళీ తెలిసిన పనివాడి దగ్గరికి వెళ్ళాలి. అంటే ఎక్కువ రేటు పెట్టి కొన్నది ఎక్కువ మన్నుతుందని గ్యారంటీ లేదు. కొన్నిసార్లు సున్నితంగా ఉంటుంది, అంతే. రేసింగ్ బైక్ ఇంజన్‌కీ స్ప్లెండర్ ఇంజన్‌కీ ఉన్న తేడా అనుకోండి.

చేతిపని చేసేవాళ్ళ జీతాలు పెరిగాయి, ఆ పని తెలిసినవాళ్ళు తగ్గారు, పోలీసులు పిస్టళ్ళకి మారిపోయారు. 2005 నాటికి పైథాన్ ఆగిపోయింది. మళ్ళీ 2020లో కొత్తగా తెచ్చారు, 1,499 డాలర్లకి. ఈసారి స్టెయిన్‌లెస్ స్టీల్, లోపల భాగాలు తగ్గించారు, చేతి రాపిడి బదులు కంప్యూటర్‌తో నడిచే మెషీన్లు.

ఇక్కడ చిన్న లెక్క చూడండి. 1955 నాటి 125 డాలర్లని ద్రవ్యోల్బణం ప్రకారం 2020కి మారిస్తే సుమారు 1,200 అవుతుంది. అంటే "పాత రోజుల్లో చవగ్గా వచ్చేది, ఇప్పుడు దోచేస్తున్నారు" అనే మాట అంత నిజం కాదు. అప్పుడూ ఖరీదే, ఇప్పుడూ ఖరీదే.

3 వేల డాలర్లది ఎవరికి?

ఇప్పుడు ఫ్రాన్స్ వెళ్దాం. మానురిన్ ఎమ్మార్73. పేరులోనే ఉంది, 1973 మోడల్. అమెరికాలో దీని రేటు 3 వేల డాలర్ల పైమాటే. మొదట ఇది నాకు అర్థం కాలేదు. చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, పైథాన్ అంత మెరుపు కూడా లేదు.

దీన్ని వాడింది జీఐజీఎన్, అంటే ఫ్రాన్స్‌లో బందీల్ని విడిపించే ప్రత్యేక దళం. 1994 డిసెంబర్‌లో ఎయిర్ ఫ్రాన్స్ 8969 విమానాన్ని హైజాక్ చేసి మార్సే ఎయిర్‌పోర్ట్‌లో దింపినప్పుడు లోపలికి దూసుకెళ్ళింది ఈ దళమే. ఆ దాడిలో వాళ్ళ చేతుల్లో ఈ రివాల్వర్ ఉంది.

ఈ దళంలో ఉన్నవాళ్ళ ప్రాక్టీస్ మనం ఊహించలేనంత. పూర్తి శక్తి ఉన్న మాగ్నమ్ తూటాలతోనే, రోజుల తరబడి, ఏళ్ళ తరబడి. అలా వాడితే మామూలు రివాల్వర్ త్వరగా వదులైపోతుంది. అందుకే మంచి ఉక్కు, సుత్తి దెబ్బలతో లోపలి గాడులు తీర్చిన బ్యారెల్, ట్రిగ్గర్ లోపల రాపిడి తగ్గించే రోలర్లు. ఇక్కడ 3 వేలు అందం కోసం కాదు. లక్ష తూటాలు పేల్చేవాడికి మూడుసార్లు 900 డాలర్లది మార్చడం కంటే ఒక్కటి కొనడమే నయం. వాడకం అంత ఉంటే ఖరీదైనదే చవక.

ఈ పాయింట్ నాకు బాగా పనికొచ్చింది. "ఈ రేటు న్యాయమా" అని అడగడంలోనే తప్పుంది. "నా వాడకానికి న్యాయమా" అని అడగాలి.

మరి 5 వేలది?

జర్మనీలో కోర్త్ అని ఒక కంపెనీ ఉంది. విల్లీ కోర్త్ అనే ఆయన పెట్టింది. మోడల్‌ని బట్టి 4 వేలు, 5 వేలు, ఆపైన కూడా. ఇందులో ట్రిగ్గర్ లోపలి చిన్న రోలర్‌ని మార్చుకుంటే నొక్కినప్పుడు వేలికి తెలిసే తీరే మారిపోతుంది. గేమింగ్ కీబోర్డ్‌లో స్విచ్‌లు మార్చుకున్నట్టు.

అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలో ఫ్రీడమ్ ఆర్మ్స్ అని ఇంకోటి. వాళ్ళ పద్ధతి నాకు భలే నచ్చింది. మామూలుగా సిలిండర్‌లో ఆరు గదులు విడిగా తొలిచి, తర్వాత ఫ్రేమ్‌లో బిగిస్తారు. వీళ్ళు సిలిండర్‌ని దాని ఫ్రేమ్‌తో కలిపి పెట్టి, బ్యారెల్ రావాల్సిన గీత వెంబడే గదుల్ని తొలుస్తారు. ఇందాక చెప్పా కదా, ఆరు గదులకి ఒకటే గుమ్మం అని. గుమ్మం ఎక్కడుందో చూసి గదులు కడతారన్నమాట. ఆ సిలిండర్ ఆ ఒక్క ఫ్రేమ్‌కే. కాబట్టి వందల్లో తయారీ కుదరదు, రేటు పెరుగుతుంది.

ఇవి మోసం కాదు. పని నిజంగా ఉంది. కానీ 400 నుంచి 900కి వెళ్ళినప్పుడు కనిపించే తేడా, 900 నుంచి 1,500కి వెళ్తే సగం కూడా కనిపించదు. 3 వేల నుంచి 5 వేలకి వెళ్తే చెయ్యి తిరిగినవాడికి తప్ప తెలియదు. ఫోన్లలో చూస్తాం కదా. 8 వేల ఫోన్ నుంచి 20 వేల ఫోన్‌కి మారితే జీవితం మారినట్టుంటుంది. 80 వేల నుంచి లక్షా 40 వేలకి మారితే కెమెరా జూమ్ చేసి చూపించాలి.

కాగితం మీద పరీక్ష

ఇది మాటలతో తేలదని, రెండేళ్ళ క్రితం ప్రాజెక్ట్ పని మీద నేను డాలస్ వెళ్ళినప్పుడు బావ షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాడు. అక్కడ తుపాకులు అద్దెకిస్తారు.

ఇక్కడొక మాట ఆగి చెప్పాలి. నేను ముట్టుకోలేదు. నాది తాత్కాలిక వీసా. బిజినెస్, టూరిస్ట్, స్టూడెంట్, హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడానికే కాదు, దగ్గర ఉంచుకోడానికి కూడా అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, తెలిసిన లాయర్‌ని అడక్కుండా వాటిని నమ్ముకోకండి. "ఫ్రెండ్‌ది రా, ఊరికే పట్టుకుని ఫొటో దిగు" అంటారు. ఆ ఫొటో ఇన్‌స్టాలో పెడతారు. అది ఫెలనీ, అంటే పెద్ద నేరం. వీసా, చదువు, ఉద్యోగం అన్నీ ఆ ఒక్క ఫొటోతో పోవచ్చు. మాస్టర్స్‌కి వెళ్ళే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ వీడియోలో ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

సరే, నేను అద్దం వెనక నించున్నా. బావ జీపీ100తో ముప్పై, పైథాన్‌తో ముప్పై పేల్చాడు. పది గజాల దూరం. నేను కాగితాల వెనక పెన్సిల్‌తో గుర్తు పెట్టి, కలిపేసి, "ఏది దేనిదో చెప్పు" అన్నా. ఇద్దరం బల్ల మీద పెట్టి చూశాం. చిల్లులు రెండింట్లోనూ అరచెయ్యంత మేర చెల్లాచెదురుగా ఉన్నాయి. బావ కొంచెం బాగున్న కాగితం చూపించి "ఇదే పైథాన్" అన్నాడు. తిప్పి చూస్తే జీపీ100. రెండోసారి కూడా చేశాం. ఈసారి తేడాయే కనపళ్ళేదు.

పక్కన రేంజ్‌లో నేర్పించే పెద్దాయన ఒకాయన నవ్వుతూ చూస్తున్నాడు. ఆయన్ని అడిగాం. రెండింటితోనూ డబుల్ యాక్షన్‌లో ఆరేసి పేల్చాడు. జీపీ100వి టీ కప్పు మూతంత చోట పడ్డాయి. పైథాన్‌వి దానికంటే చిన్న చోట. ఆయన చేతిలో తేడా ఉంది, చూస్తే తెలుస్తోంది. "ట్రిగ్గర్ బాగుంటే నా పని సులువవుతుంది. అంతే గానీ నా పని అది చెయ్యదు" అన్నాడు.

ఒక్క రోజు, రెండు తుపాకులు, ఇద్దరు మనుషులు. దీన్ని రీసెర్చ్ అనను. కానీ బావకి ఆ 600 డాలర్ల తేడా ఆ రోజుకి ఉపయోగం లేదని మాత్రం కాగితం మీద కనపడింది.

తుపాకీ రేటు కాదు, తూటా రేటు చూడండి

తిరిగొస్తూ కార్లో లెక్కేశాం. ప్రాక్టీస్‌కి వాడే .38 స్పెషల్ తూటాలు 50 ఉన్న డబ్బా సుమారు 25 నుంచి 35 డాలర్లు. 30 అనుకుందాం. చెయ్యి కుదరాలంటే నెలకి కనీసం 200 పేల్చాలి అనుకుంటే నాలుగు డబ్బాలు, 120 డాలర్లు. ఏడాదికి 1,440. అంటే ఒక పైథాన్. ప్రతి ఏడాదీ ఒక పైథాన్!

బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే ఇది వస్తువు కాదు, సబ్‌స్క్రిప్షన్" అన్నాడు. కరెక్ట్. 1,500ది కొని తూటాలకి డబ్బు లేక డ్రాయర్‌లో పెట్టేవాడి కంటే, 900ది కొని మిగిలిన 600తో ఇరవై డబ్బాలు కొని, ఒక మంచి గురువు దగ్గర నేర్చుకున్నవాడు మెరుగ్గా పేలుస్తాడు.

"కానీ రీసేల్ వాల్యూ ఉంటుంది కదా" అంటారు. నిజమే, పాత పైథాన్లు కొత్తలో కొన్నదానికి ఎన్నో రెట్లు పలుకుతున్నాయి. బాగున్నవి 3 వేల డాలర్లు దాటి అమ్ముడవుతాయి. కానీ పలికేది వాడనివి, గీత పడనివి, డబ్బాతో సహా ఉన్నవి. పేలిస్తే రేటు తగ్గుతుంది, రేటు కావాలంటే పేల్చకూడదు. రెండూ ఒకేసారి కుదరవు. పైగా పాత పైథాన్ రేటు పెరిగింది ఆగిపోయింది కాబట్టి. ఇప్పుడు కొత్తది ఫ్యాక్టరీలో తయారవుతోంది, షాపులో దొరుకుతోంది. అది కూడా అలాగే పెరుగుతుందని అనుకోవడం ఆశ, లెక్క కాదు.

మన దగ్గర రేటు అసలు నాణ్యత గురించే కాదు

రేటు చూసి నాణ్యత అంచనా వెయ్యకూడదు అనడానికి మన దేశమే మంచి ఉదాహరణ. 2014లో కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ నిర్భీక్ అనే రివాల్వర్ తెచ్చింది. .32 క్యాలిబర్, అర కిలో బరువు. ఆడవాళ్ళ కోసం అని ప్రచారం చేశారు. రేటు సుమారు 1 లక్ష 22 వేలు. శక్తిలో అది పైన చెప్పుకున్న .357 దగ్గరికి కూడా రాదు. కానీ రేటు మాత్రం ఇంచుమించు పైథాన్‌దే.

ఎందుకంటే అప్పట్లో ఇక్కడ పోటీ లేదు. 1980ల మధ్య నుంచి మామూలు మనుషులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకోడానికి దారి దాదాపు మూసేశారు. అప్పటికే దేశంలో ఉన్న పాత విదేశీ రివాల్వర్లు లైసెన్స్ ఉన్నవాళ్ళ మధ్య చేతులు మారుతూ లక్షలు పలుకుతాయి. అమెరికాలో సెకండ్ హ్యాండ్‌లో కొన్ని వందల డాలర్లకి దొరికేదే ఇక్కడ లక్షలు. ఇనుము అదే, పొందిక అదే. పెరిగింది కొరత.

ఆయుధాల చట్టం 1959 ప్రకారం లైసెన్స్ లేకుండా ఉంచుకోవడం నేరం. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకి తగ్గించారు. కాబట్టి మన ఊళ్ళో ఎవరైనా "మా నాన్నగారి విదేశీ రివాల్వర్ ఆరు లక్షలు" అంటే అది బాగా పేలుతుందని కాదు, అలాంటిది ఇంకోటి దొరకదని మాత్రమే.

మరి బావ ఏం చేశాడు?

ఇంటికొచ్చాం. మా అక్క, అంటే బావ భార్య, అన్నం పెడుతూ ఒకటే అడిగింది. "ఇంతకీ ఎక్కడ పెడతారు దాన్ని?"

ఇద్దరికీ జవాబు లేదు. వాళ్ళకి ఐదేళ్ళ పాప. నన్ను మావయ్యా అంటూ ఫోన్ లాక్కుని, పాటర్న్ లాక్ రెండుసార్లు చూసి మూడోసారి తనే తీసేసే రకం. అల్మరా పైన పెడితే కుర్చీ వేసుకుంటుంది. తాళం పెడితే తాళంచెవి ఎక్కడుందో కనిపెడుతుంది.

అప్పుడు నాకు ఇన్నాళ్ళూ తట్టని విషయం తట్టింది. మేం పోల్చినవన్నీ దేని గురించి? ట్రిగ్గర్ ఎంత మెత్తగా ఉంది, ఎంత తేలిగ్గా కదులుతుంది అని. ఖరీదు పెరిగేకొద్దీ నొక్కడం సులువవుతుంది. చాలా రివాల్వర్లకి పక్కన సేఫ్టీ మీట కూడా ఉండదు. కింద పడితే పేలకుండా ట్రాన్స్‌ఫర్ బార్ ఆపుతుంది, నిజమే. కానీ వేలు పెట్టి నొక్కితే అది ఆపదు, నొక్కితే పేలడమే దాని పని. ఆ వేలు ఎవరిదో దానికి తెలియదు. అంటే మనం ఎక్కువ డబ్బు పెట్టి కొనే గుణమే ఆ ఇంట్లో అన్నిటికంటే భయపడాల్సిన గుణం.

టెక్సాస్‌లో తుపాకీ చట్టాలు చాలా వదులు అనుకుంటాం. అక్కడ కూడా పదిహేడేళ్ళ లోపు పిల్లలకి పేలే స్థితిలో ఉన్న తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా ఉంచితే నేరం. కానీ అలాంటిది జరిగిన ఇంట్లో ఆ కేసు గురించి ఎవరు పట్టించుకుంటారు, చెప్పండి.

ఆ రాత్రి బావ ల్యాప్‌టాప్‌లో రెండు ట్యాబ్‌లు మూసేసి, స్టీల్ సేఫ్‌లు చూడ్డం మొదలెట్టాడు. ముందు సేఫ్ కొన్నాడు, గోడకి బోల్టులతో బిగించాడు. తర్వాత రేంజ్‌లో ఆ పెద్దాయన దగ్గర ఆరు వారాలు నేర్చుకున్నాడు, అద్దె తుపాకీతోనే. ఇప్పటికీ కొనలేదు. "కొనాలనిపిస్తే శనివారం వెళ్ళి అద్దెకి తీసుకుంటున్నా కదరా, ఇంట్లో ఎందుకు" అంటాడు. సేఫ్‌లో ప్రస్తుతం పాస్‌పోర్టులు, అక్క నగలు ఉన్నాయి.

ఇది అందరూ చెయ్యాల్సిన పని అని నేను చెప్పను. ఊరి బయట ఒంటరిగా ఉండేవాళ్ళ లెక్క వేరు, పోటీల్లో పాల్గొనేవాళ్ళ లెక్క వేరు. వాళ్ళు ఆలోచించుకుంటారు.

సో, ఫైనల్‌గా

ఖరీదైన రివాల్వర్ ఆ డబ్బుకి తగినదేనా? నా సమాధానం ఇది. పేరున్న కంపెనీ చేసిన 900 డాలర్ల రివాల్వర్‌తోనే బలం, నమ్మకం, కింద పడితే పేలకుండా ఉండే ఏర్పాటు వచ్చేస్తాయి. 1,500 దగ్గర మంచి ట్రిగ్గర్, అందం వస్తాయి, చెయ్యి తిరిగినవాడికి ఆ తేడా పనికొస్తుంది. 3 వేలది ఏళ్ళ తరబడి రోజూ పేల్చేవాడికి న్యాయమైన రేటు. ఆపైన మీరు కొనేది పనితనం. గడియారాలు, పట్టుచీరలు కొన్నట్టు. ఇష్టం ఉండి, స్తోమత ఉండి కొంటే తప్పులేదు. "దీంతో బాగా కాలుస్తా" అనుకుని కొంటే మాత్రం మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు.

ఏ రేటు దగ్గరా దొరకనివి రెండు: అలవాటు, ఇంట్లో జాగ్రత్త. వాటికి విడిగా ఖర్చు పెట్టాలి, విడిగా టైం పెట్టాలి.

ఈసారి ఏదైనా ఖరీదైన వస్తువు చూసి చెయ్యి దురద పెట్టినప్పుడు, అది ఫోన్ కానివ్వండి, కెమెరా కానివ్వండి, మా అక్క అడిగినలాంటి ప్రశ్న ఒకటి అడిగి చూడండి. స్పెక్స్ షీట్‌లో లేని ప్రశ్న. దానికి జవాబు ఉంటే కొనండి.

అమెరికా వెళ్తున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే వీసా గురించి చెప్పిన ఆ ముక్క వాళ్ళకి తప్పకుండా పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ మన ఫోన్ల దగ్గరికి వచ్చేద్దాం. ఉంటా మరి, జాగ్రత్త.